కాళ్ల పాఠం ఆరో సెమిస్టర్‌లో

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న ఊళ్లో సరైన వానాకాలమే లేదు, ఇక కప్పల కథలు చెప్పేదెవరు? తింటూ వినండి. కాకపోతే నమిలి మింగండి.

ఒక పెద్ద అడవిలో, ఓ కుంట ఒడ్డున, జంతువులు డిగ్రీ కాలేజీ పెట్టాయి. ఉన్నది ఒకటే కోర్సు, జీవశాస్త్రం. ఇన్నాళ్లూ అందరూ ఏదో తోచినట్టు బతికేస్తున్నారు, ఇకనైనా పద్ధతిగా బతకడం నేర్పాలని వాటి ఆశయం.

పాఠ్యప్రణాళిక సంఘానికి ఎలుగుబంటి అధ్యక్షుడు. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు తీసుకోవాలో విద్యార్థులకి చెప్పే సలహాదారు పని కొంగకి అప్పగించారు. అది గంటల తరబడి ఒంటికాలి మీద కదలకుండా నిలబడుతుంది కాబట్టి దానికి ఓపిక ఎక్కువని అందరి నమ్మకం. ఎవరి కోసం నిలబడుతుందో ఎవరూ అడగలేదు.

కాలేజీలో చేరినవాళ్లలో తోకకప్పలే ఎక్కువ. కాళ్లింకా మొలవని, తోకతో ఈదే కప్పపిల్లలన్నమాట. ఏటా ఎండలు ముదిరి కుంట ఎండేలోపు వాటికి కాళ్లొచ్చేవి. గుట్ట దాటి అవతలి మడుగులోకి వెళ్లిపోయేవి. కొంగకి ఏటా అదే బాధ. నీళ్లు మోకాలి లోతుకి దిగి, ముక్కు పెడితే చాలు కడుపు నిండే వేళకి కుంటలో ఎవరూ ఉండేవారు కాదు.

అందుకని తొలి సమావేశంలోనే కొంగ గొంతు సవరించుకుంది. చదువుకి పునాది ముఖ్యమంది. తోక గురించి పూర్తిగా తెలియకుండా కాళ్ల జోలికి వెళ్తే పిల్లలు పాడైపోతారంది. కాళ్ల పాఠం ఆరో సెమిస్టర్‌లో పెట్టాలనీ, పాసవకుండా ఏ అవయవాన్నయినా పాఠంలో ఉన్న పనికి వాడితే నేరంగా చూడాలనీ ప్రతిపాదించింది.

పునాది అనే మాట ఎలుగుబంటికి ఎంతో నచ్చింది. అదే ఊపులో ‘తేనె: ఒక పరిచయం’ అనే తన సబ్జెక్టుని తప్పనిసరి చేసింది. తాబేలు తన డిప్ప పాఠానికి రెండు సెమిస్టర్లు కావాలంది. డిప్ప ఉన్న విద్యార్థి ఒక్కడైనా ఉన్నాడా అని ఎవరో అడిగితే, లేదు కాబట్టే చదవాలంది.

ఆ కుంటలో వానమ్మ అనే కప్ప ఉండేది. చాలా పద్ధతి గల తల్లి, అంతకు మించి భయస్థురాలు. కొడుకు చినుకుని వెంటబెట్టుకుని కొంగ దగ్గరికి వెళ్లింది. ఏది ముందు, ఏది తర్వాత, రెండు కలిపి చదవొచ్చా అని ఒకటికి పదిసార్లు అడిగింది. చివరికి అసలు సంగతి బయటపెట్టింది. ఎండలు ముదురుతున్నాయి, పిల్లాడికి కాళ్ల పాఠం రెండో సెమిస్టర్‌లోనే ఇప్పించలేరా?

“తొందరెందుకమ్మా?” అంది కొంగ. “ముందు తోక ఒకటి, తర్వాత తోక రెండు, ఆ తర్వాత తేనె, డిప్ప. ఇవన్నీ గట్టెక్కితే గానీ కాళ్లకి సీటు రాదు.”

“ఈలోపు నీళ్లయిపోతే, సార్?”

“లోతు తగ్గితే చదువు మీద ధ్యాస పెరుగుతుంది,” అంది కొంగ, చినుకు వైపు ఆప్యాయంగా చూస్తూ.

వానమ్మ ఇంటికెళ్లి వాణ్ని చదువుకి కూర్చోబెట్టింది. తోక ఒకటిలో చినుకు ఫస్టు వచ్చాడు. తోక రెండు సగంలో ఉండగా, ఒక పొద్దున చూస్తే వాడికి కాళ్లు మొలిచాయి. పరీక్ష రాకముందే తోక కూడా అరిగిపోతోంది.

“లోపలికి లాక్కో నాన్నా, ఎవరైనా చూస్తే పరువు పోతుంది,” అంటూ వానమ్మ వాడి మీద నాచు కప్పింది.

“నేనేం చేయలేదమ్మా. అవే వచ్చాయి.”

కాళ్లు నాచుతో దాగేవి కావు. మర్నాడే సంఘం వాణ్ని పిలిపించింది.

“ఆరో సెమిస్టర్‌లో రావలసిన కాళ్లు నీకు రెండోదాంట్లోనే ఎలా వచ్చాయి?” అని ఎలుగుబంటి గద్దించింది. “ఎవర్ని చూసి మొలిపించావు?”

చినుకు తలదించుకుని, “మా అమ్మకి ఉన్నాయి సార్,” అన్నాడు.

కాపీ కొట్టినట్టు వాడే ఒప్పుకున్నాడని తాబేలు తేల్చింది. ఆరో సెమిస్టర్ పాసయ్యేదాకా చినుకు ఒక్క అడుగు కూడా నడవకూడదని తీర్పయింది. కుంటలో నీళ్లప్పటికే కొంగ మోకాలి కిందికి దిగాయి. కొంగ చిన్నగా దగ్గరికి జరిగింది.

పుట్టి బుద్ధెరిగాక పెద్దలకి ఎదురు చెప్పని వానమ్మకి అప్పుడు గొంతు పెగిలింది.

“అధ్యక్షా, ఈ నియమం అందరికీనా?”

“నియమమంటేనే అందరికీ.”

“అయితే సలహాదారుగారు కాళ్ల పాఠం ఏ ఏడాది పాసయ్యారో సెలవిస్తారా?”

కొంగ కంగారులో ఎత్తిన కాలు కూడా కింద పెట్టింది. “ఇప్పుడు రెండోది కూడా వాడుతున్నావు,” అంది ఎలుగుబంటి. దానికి కొంగ మీద పగేం లేదు, పునాది మీద ప్రేమ, అంతే. కొంగని ఒడ్డుకి రప్పించి, కాళ్లు ముడుచుకోమని చెప్పి, తోక ఒకటి క్లాసులో ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. తన కాళ్ల ప్రస్తావన వచ్చేలోపే సభ ముగించి, అందరూ వెళ్లేదాకా తను మాత్రం కూర్చునే ఉంది.

వానమ్మకి తీర్పు మీరే ధైర్యం లేదు. కూర్చుని పాఠ్యప్రణాళికంతా మొదటి నుంచి మననం చేసుకుంది. మళ్లీ ఒకసారి, పొరపాటు పడ్డానేమోనని ఇంకోసారి.

“కాళ్ల పాఠంలో నిలబడటం ఉంది, నడక ఉంది, పరుగు ఉంది, ఈత ఉంది,” అంది కొడుకుతో. “గెంతడం మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ లేదు నాన్నా.”

“లేకపోతే?”

“లేనిదానికి పాసవక్కర్లేదు,” అని తనే ముందు గెంతింది.

మరో వారానికి తతిమ్మా పిల్లలకీ కాళ్లొచ్చాయి. ఒక్కరూ నియమం తప్పలేదు. అందరూ గెంతుకుంటూనే గుట్ట దాటారు. కొంగ వాళ్లని మెడ సాచి చూస్తుంటే, క్లాసులో పక్కచూపులేమిటని ఎలుగుబంటి కసిరింది.

అవతలి మడుగులో డిగ్రీ ఉందా అని ఎవరూ అడగలేదు. అయినా ఎందుకైనా మంచిదని వానమ్మ ఎదురొచ్చిన ప్రతి చేపకీ, మావాడు తోకలో ఫస్టు అని చెప్పుకుంది. అప్పటికి వాడికి తోక లేదు.

నీతి: సిలబస్ శ్రద్ధగా చదవండి, అందులో ఏం లేదో తెలిసేది అప్పుడే.

ఈ కథ కూడా ఏ సెమిస్టర్‌లోనూ రాదు పిల్లలూ. అందుకని మీరే మరో నలుగురికి చెప్పండి. కొంగ మాటలు మాత్రం మరీ భయపెట్టేలా అనకండి, వినేవాళ్లలో మీకంటే చిన్నవాళ్లుంటారు.