ఐరావతం మేత

ఆదోనిలో వాన పడక నలభై రోజులైంది గానీ, సామ్సన్ కంప్యూటర్ అంగట్లో మాత్రం పొద్దున పది గంటల నుంచి కుండపోత.

సెల్‌ఫోనుకు కొత్త గాజు వేయించుకుందామని పోయిన రాజశేఖర్ ఆ వాన ముందు నిలబడిపోయాడు. కంప్యూటర్ తెర మీద ఘాట్ రోడ్డు, రోడ్డు మీద లారీ. అద్దం మీద పడ్డ చినుకులు ఒకదాన్నొకటి కలుపుకొని కిందికి జారుతున్నాయి. గుంతలో నిలిచిన నీళ్లలో లారీ దీపాలు కనబడుతున్నాయి. రాజశేఖర్ తనకు తెలియకుండానే చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు.

"ఇది ఆటనా?" అని అడిగాడు.

"ఆటే అన్నా. ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంజన్ అంటారు, దీని ఇంజన్ గొప్పది, లోపలుండే గ్రాఫిక్స్ కార్డు ఇంకా గొప్పది. కావాలంటే ఒక చుట్టు నడుపు," అన్నాడు సామ్సన్.

రాజశేఖర్ పాతికేళ్లుగా ఎమ్మిగనూరు సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే మనిషి. పళ్లు లెక్కపెట్టి వయసు చెప్పగలడు, నడక చూసి గుణం చెప్పగలడు. స్టీరింగు మాత్రం జన్మలో ముట్టలేదు. అరగంటలో లారీని పదకొండు సార్లు లోయలో పడేశాడు. పడేసినా వాన ఆగలేదు, లారీ మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది. ఇంత మంచితనం ఉన్న లోకాన్ని అతను ఎక్కడా చూడలేదు. గాజు సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చాడు.

అప్పటినుంచి అతనికి అన్నం సయించలేదు. మందు ఒకటే, అలాంటి మిషన్ ఇంట్లో ఉండడం. కొనాలంటే భార్య ఈశ్వరి వేస్తున్న చీటీ ఎత్తాలి. ఆ చీటీ మీద చెయ్యి పడాలంటే ఈశ్వరిని దాటాలి. ఈశ్వరిది కైరుప్పల. ఉగాది మరునాడు సగం ఊరు మిగతా సగం ఊరి మీద పిడకలు విసిరే ఊరది. అక్కడ పుట్టి పెరిగిన మనిషికి గురి తప్పదు, మాటల్లోనూ అంతే.

ఆ చీటీ వాళ్ల కూతురు దీప కోసం. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న దీప, ఆ పిడకల పండగ మీదే ఒక వీడియో గేమ్ తయారు చేస్తోంది. రెండు పక్షాలు పిడకలు విసురుకుంటాయి, చివర రెండూ కలిసిపోయి దేవుడి పెండ్లికి పోతాయి. బెంగళూరులో ఆటలు తయారు చేసే ఒక కంపెనీ వాళ్లు, గేమ్ చేసి పంపినవాళ్లలో ఆరుగురిని ఎంచుకొని ఆరు నెలలు పని నేర్పిస్తామని ప్రకటించారు. నేర్పడం ఉచితం, అక్కడ ఉండడం, తినడం ఎవరిది వాళ్లదే. గడువు ఇంకా పది రోజులుంది. దీప పాత లాప్‌టాప్ మూత విరిగిపోతే పురికొసతో కట్టి, గోడో అనే ఉచిత ఇంజన్‌తో పని నడిపిస్తోంది.

రాజశేఖర్‌కు దారి కనబడింది. సామ్సన్ దగ్గర రెండు గంటలు కూర్చుని నాలుగు పెద్ద మాటలు బట్టీపట్టి, ఇంటికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఈశ్వరీ, మన బిడ్డ బతుకు గురించి ఒక మాట."

"ఎంతవుతాది?"

"మాట వినకముందే ధర అడిగితే ఎట్ల మే?"

"నువ్వు బిడ్డ బతుకని మొదలుపెడితే కొసన ధర ఉంటాదిలే. పోయినేడు బిడ్డ బలానికని కోడిపుంజు తెస్తివి. దాన్ని తిన్నదెవరు?"

తిన్నవాళ్లు తోటి దళారులు సుంకప్ప, ఉరుకుందు, తను. అందుకని రాజశేఖర్ ఆ ప్రశ్నను దాటేసి విషయానికి వచ్చాడు.

"దీప వాడతాండే ఇంజన్ నాటు గిత్త. పని చేస్తాది, కాదనను. రూపం లేదు. అన్‌రియల్ అని ఇంకొకటి ఉండాది. అది పెద్దజాతి కోడె. వెలుతురు, నీడ, నీళ్లు, దుమ్ము, అన్నీ కండ్లకు కట్టినట్టు చూపిస్తాది."

"మేత?"

"ఏం మేత?"

"పెద్దజాతి కోడె గాలి మింగి బతకదు గదయ్యా. ఏం తింటాది అది?"

"ముప్పైరెండు జీబీ ర్యాము, ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు, కొంచెం కరెంటు," అన్నాడు రాజశేఖర్. 'కొంచెం' అనేటప్పుడు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

"అమ్మా, నాయన చెప్పేదంతా అబద్ధం కాదు," అంది దీప. భార్యాభర్తలిద్దరూ ఆశ్చర్యపోయారు. ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఇంతవరకు అనలేదు. "పెద్ద ఇంజన్ బొమ్మ నిజంగానే బాగుంటాది. దాని పక్కన నాది పలక మీద గీసినట్టు ఉంటాది. అందరూ పెద్దపెద్దవి పంపుతారేమో అని నాకూ బయంగానే ఉంది. అయితే పది దినాల్లో అంతా మొదటినించి చేసేది యాడ అవుతాది? మిషన్ కొంటే ఆడికి పోయి ఎట్ల ఉండేది?"

కూతురి ముఖం చూసి ఈశ్వరి నోటిదాకా వచ్చిన పిడకను విసరకుండా ఆపుకుంది.

"సరే. కొనకముందు రెండూ పక్కపక్కన కట్టి చూద్దాం. సామ్సన్‌ను అడిగి ఆ మిషన్ రెండు దినాలు తెప్పించు. దీపా, నువ్వు ఆ పిడకలేసే చోటు ఒక్కటీ పెద్ద ఇంజన్‌లో చెయ్యి. ఆదివారం తీర్పు. తీర్పు చెప్పేవాళ్లను నువ్వే పిలువయ్యా, నీ స్నేహితులనే. మీ సంత పద్ధతిలోనే చెప్పనీ, తువాలు కింద."

రాజశేఖర్‌కు చెవుల్లో అమృతం పోసినట్టయింది. సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. స్నేహితులు తనవాళ్లు, తీర్పు గుట్టుగా, వేళ్లు అందుకునేది తను. నాలుగు వేళ్లు పట్టుకుంటే పెద్ద ఇంజన్, ఒక వేలు పట్టుకుంటే చిన్నది అని నియమం పెట్టాడు. పెట్టి, నేరుగా సుంకప్ప, ఉరుకుందుల దగ్గరికి పోయి బేరం కుదుర్చుకున్నాడు. నాలుగు వేళ్లు పట్టుకుంటే, మిషన్ కొన్నాక దాని ముందు ప్రతి ఆదివారం ఒక గంట వాన. గేదెలు అమ్మే అంజనమ్మ మూడో మనిషి. "నాకు వాన వద్దప్పా, లారీ ఇయ్యి," అంది ఆమె. దానికీ ఒప్పుకున్నాడు.

శనివారం మిషన్ ఆటోలో దిగింది. తెల్లటి అద్దాల పెట్టె, లోపల రంగురంగుల దీపాలు. రాజశేఖర్ దానికి ఐరావతం అని పేరు పెట్టాడు. ఎదురింటివాళ్లు వినాయకుడి మంటపం ఇంత ముందుగా ఎందుకు పెట్టారని అడిగి పోయారు.

ఐరావతం పని మొదలుపెట్టగానే ఈశ్వరి చట్నీకి మిక్సీ వేసింది. ఇంట్లో కరెంటు పోయింది. రాజశేఖర్ ఫ్యూజు కట్టాడు. ఫ్రిజ్ గుర్రుమంది, మళ్లీ పోయింది. ఆ ఇంటి వైర్లు రాజశేఖర్ తాత కాలంనాటివి, వాటికి ఏనుగుల అలవాటు లేదు.

"మిక్సీ వేయొద్దు మే."

"సరే."

"ఫ్రిజ్ కూడా ఆపుతాండా."

"ఆపు."

మధ్యాహ్నానికి ఐరావతం ఒళ్లు కాలిపోతోంది. దానికి చల్లగా ఉండాలని సామ్సన్ ఫోన్‌లో చెప్పాడు. తక్కిన మాట వినకుండానే రాజశేఖర్ ఫోన్ పెట్టేసి, ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌ను ఈడ్చుకొచ్చి పెట్టెకు ఎదురుగా నిలబెట్టాడు.

"కూలర్ ఎవరికి పెడతాండావయ్యా?"

"దానికి."

"మరి నేను?"

"నువ్వు కైరుప్పల దానివి, ఎండకు అలవాటు."

కూలర్ నీళ్ల తుంపర ఐరావతం మీద పడుతోందని దీప చెబితే సామ్సన్ పరుగెత్తుకొచ్చి, తన చొక్కా విప్పి తుడిచాడు. ఫోన్‌లో రాజశేఖర్ వినకుండా వదిలేసిన మాట అదేనట, తడి తగలకూడదని. ఆ పూట చట్నీ లేదు, పెరుగు పులిసిపోయింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ ఒట్టి కారంతో తిన్నారు. ఈశ్వరి మొగుడి కంచంలో ఇంకొంచెం కారం వేసింది.

ఆదివారం నాలుగు గంటలకు తీర్పరులు ముగ్గురూ వచ్చి బజ్జీల పళ్లెం చుట్టూ కూర్చున్నారు. దీప ముందు ఐరావతం మీద పెద్ద ఇంజన్ బొమ్మ చూపించింది.

నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. పిడకలో ఒక్కొక్క గడ్డిపోచ కనబడుతోంది. తట్టిన చేతివేళ్ల గుర్తులు కనబడుతున్నాయి. పిడక తగిలి పగిలితే లేచిన దుమ్ములో పొద్దు వెలుతురు ఎర్రగా నిలిచింది. ఈశ్వరి దగ్గరికి పోయి చూసింది.

"ఆ వేళ్లు మా అమ్మ వేళ్ల మాదిరే ఉండాయి," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ చనిపోయి ఏడేళ్లయినా ఆమెకు ఆ బెంగ తీరలేదు. రాజశేఖర్‌కు గెలిచినట్టే అనిపించింది, అలా అనిపించినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

తర్వాత పురికొస లాప్‌టాప్ మీద చిన్న ఇంజన్. పిడకంటే గుండ్రటి గోధుమరంగు బిళ్ల. దుమ్మంటే ఐదు చుక్కలు. దీప తల వంచుకుంది.

"ఉరుకుందన్నా, సంతలో ఎద్దును చూసి కొంటారా, కట్టి తోలి చూసి కొంటారా?" అని అడిగింది ఈశ్వరి.

"తోలి చూడకుంటే ఎట్లమ్మా?"

"అయితే మీ ఫోన్లు తీయండి. ఆడేది మీ అట్లాంటోళ్లే గదా."

దీప రెండిటినీ ఫోన్లలోకి పంపింది. సుంకప్ప ఫోన్ పెద్దదాన్ని గడప దగ్గరే ఆపేసింది, లోపల చోటు లేదంది. అంజనమ్మ ఫోన్ పెనంలా కాగితే ఆమె కొంగుతో పట్టుకొని ఊదింది. ఉరుకుందు ఫోన్‌లో ఆట తెరుచుకుంది గానీ, విసిరిన పిడక గాల్లో నిలబడిపోయింది. అతను రెండు బజ్జీలు తిని, టీ తాగి వచ్చినా అది కింద పడలేదు.

"ఇంజన్‌ది తప్పు కాదు మామా," అంది దీప. "ఫోన్లకు తగినట్టు తగ్గించి చేస్తే ఆడుతాది. ఆ పని నాకింకా చాతకాదు, నేర్చుకునే టైమూ లేదు."

చిన్నది మూడు ఫోన్లలోనూ నొక్కగానే తెరుచుకుంది. రెండు నిమిషాల్లో సుంకప్ప ఒక పక్షం, ఉరుకుందు ఒక పక్షం అయ్యారు. అంజనమ్మ ఎటూ చేరక ఇద్దరినీ కొట్టింది. "నా యెనకనించి ఏస్తాండాడు సూడు," అని సుంకప్ప అరుస్తుంటే, తెర మీది బిళ్లలకు గడ్డిపోచలు ఉన్నాయో లేవో ఎవరికీ పట్టలేదు. పళ్లెంలో బజ్జీలు చల్లారిపోయాయి. దీప వాళ్లను చూస్తూ నిలబడింది.

"ఇంక తీర్పు," అంటూ రాజశేఖర్ తువాలు తీశాడు. వాళ్లు ఎంత ఆడినా వాన బేరం వాన బేరమే అని అతని ధైర్యం.

సుంకప్ప తువాలు కింద చెయ్యి పెట్టి ఒక వేలు పట్టుకున్నాడు. రాజశేఖర్ చెయ్యి కదిలించి గుర్తు చేశాడు. మళ్లీ ఒక వేలే.

"ఏమిరా, వాన?" అని చెవిలో అడిగాడు.

"అన్నా, తువాలు పైన నువ్వేమి సెప్పమన్నా సెప్తా. కింద మాత్రం ఉన్నదే సెప్పల్ల," అన్నాడు సుంకప్ప చెవిలోనే.

ఉరుకుందుదీ ఒక వేలే. అంజనమ్మ పట్టుకున్న ఒక్క వేలూ టపుక్కుమంది.

ఇప్పుడు లెక్క తెలిసినవాడు రాజశేఖర్ ఒక్కడే. నాలుగు అని చెప్పవచ్చు. తువాలు పైన అతను ఆడని అబద్ధం లేదు, ముసలి ఎద్దును దేవుడి మీద ఒట్టేసి కోడె అన్నాడు. కానీ తువాలు కింద పట్టుకున్న వేళ్లను పాతికేళ్లలో ఒక్కసారి కూడా మార్చి చెప్పలేదు. మార్చినవాడికి ఏ సంతలోనూ మళ్లీ చెయ్యి ఇవ్వరు. తలెత్తితే ఈశ్వరి పమిట అంచుతో నవ్వు తుడుచుకుంటోంది. తువాలు మాట ఆమె నోట ఎందుకొచ్చిందో అతనికి అప్పుడు అర్థమైంది.

ఆమె పక్కన దీప పెదవి కొరుక్కుంటూ తువాలు వైపే చూస్తోంది. రెండు రోజులుగా ఐరావతం ముఖమే చూశాడు గానీ, బిడ్డ ముఖంలో ఇంత భయం ఉందని అతను చూడలేదు. తువాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"చిన్నదే," అన్నాడు. "మూడుకు మూడూ."

దీప గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది.

"సామ్సన్‌కు ఫోన్ చేసి ఆటో తెమ్మను," అంది ఈశ్వరి. "నేను మిక్సీ వేసుకోవల్ల."

దీప తక్కిన రోజులన్నీ కూర్చుని ఆట పూర్తి చేసి పంపింది. మూడు వారాల తర్వాత బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది, ఆరుగురిలో ఆమె ఒకతె. ఎంపిక రోజున తమ ఆఫీసు వాచ్‌మన్ ఫోన్‌లో ఆ ఆట వేసి చూశామని, అతను ఇప్పటికీ వదలడం లేదని ఫోన్‌లో మాట్లాడిన ఆమె చెప్పింది. దీప అమ్మను పట్టుకొని ఏడ్చింది. ఈశ్వరి చీటీ ఎత్తి, కూతురికి ఒక దుప్పటి, ఒక సూట్‌కేసు కొని, మిగిలింది బిడ్డ చేతిలో పెట్టింది.

మరుసటి సంతలో రాజశేఖర్ చుట్టూ జనం చేరారు. అతను మీసం దువ్వి చెప్పుకొచ్చాడు.

"నేను మొదటినించీ అంటానే ఉన్నా. చిన్న ఇంజనే మేలు తల్లీ, పెద్దదాని మేతకు మన ఇల్లు చాలదు అని బిడ్డకు నచ్చజెప్పింది నేనే."

సుంకప్ప అంతా ఓపిగ్గా విన్నాడు. భుజం మీది తువాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకొని, ఆ చెయ్యి ముందుకు చాపాడు.

"ఆ మాట ఈడ సెప్పన్నా."

రాజశేఖర్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని, అవతల ఎవరిదో ఎద్దు పళ్లు చూడాలంటూ జారుకున్నాడు.