హేరోదు మహారాజు కోపానికి అనుమతి

ఆరు వందల ఏళ్ళనాటి నాటకాన్ని ఎవరికీ అర్థం కాకుండా ఆడటంలో మా థార్న్‌బెక్ పట్టణం యావత్తు ఇంగ్లండుకే తలమానికం. క్రీస్తు పుట్టుకను పూర్వం ఆడినట్టే, నడివీధిలో బండి మీద, ఆనాటి ఇంగ్లీషులోనే ఆడతాం. (ఆడేవాళ్ళకూ అర్థం కాదు. సంప్రదాయమంటే అదే.)

పసి ఏసును చంపించబోయిన క్రూర రాజు హేరోదు వేషం రిటైరైన లెక్కల మాస్టారు విల్‌ఫ్రెడ్ ఆక్స్‌టబీ గారిది. పూర్వం హేరోదు బండి మీంచి జనంలోకి దూకి వీరంగం వేస్తే పెద్దవాళ్ళు కూడా జడుసుకునేవారట. బడిలో మాస్టారికి ఏనాడూ ఎవడూ భయపడలేదు. చచ్చేలోగా ఒక్కరినైనా హడలగొట్టాలని ఆయన కోరిక. పురాతన భావోద్వేగాల భద్రతా కమిటీ దయతలచి అనుమతిచ్చింది: కోపం వచ్చేముందు గంట కొట్టాలి, కత్తి రబ్బరుదై ఉండాలి, భయపడదలచినవారు ఎడమవైపు నిలబడాలి.

ఎడమవైపు ఒక్క పురుగూ నిలబడలేదు. మాస్టారు గంట కొట్టి, మోకాలు చూసుకుంటూ దూకి, గొంతు చించుకున్నారు. జనం "సారీ అండీ, సారీ" అంటూ దారిచ్చారు. (ఈ దేశంలో కాలు తొక్కించుకున్నవాడే క్షమాపణ చెబుతాడు.) ఓ ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా? ఫ్లాస్కులో టీ ఉంది, కాస్త పొయ్యనా?"

"నేను హేరోదునమ్మా!"

"అలాగేలే. పంచదార వెయ్యనా?"

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడొచ్చారు పార్కింగ్ అధికారిణి డోరీన్ స్కెల్టన్ గారు. పశువుల పాక కట్టిన బండి చుట్టూ నింపాదిగా ఓ ప్రదక్షిణ చేశారు.

"ఏమిటిది?"

"బెత్లెహేమండీ," అన్నాడు యోసేపు.

"ఏదైతే నాకేం? ఇక్కడ ఆపకూడదు, తియ్యండి."

"ఇప్పుడే పురుడైందండీ, పసిగుడ్డు!" అని మరియ బతిమాలింది.

"అందరూ అదే చెబుతారమ్మా."

ఆవిడ జరిమానా చీటీల పుస్తకం తీసి, పెన్ను విదిలించి, వీధి పొడవునా ఒక్క చూపు చూశారు. అంతే! జనం "బాబోయ్, నా కారు!" అంటూ పిల్లాజెల్లాతో పరుగు లంకించుకున్నారు. ముసలావిడ ఫ్లాస్కు వదిలేసి మరీ పరిగెత్తింది. వెనకే గొల్లలూ, ముగ్గురు జ్ఞానులూ. ఆ ముఖాల్లో భయం చూసి విల్‌ఫ్రెడ్ మాస్టారు సిగ్గుతో కిరీటం తీసేశారు. నటనంటే ఇదీ అనుకున్నారు.

కమిటీ కూడా అదే అనుకుంది. వచ్చే ఏటికి హేరోదు వేషం డోరీన్ గారికిస్తూ, యూనిఫాం మార్చనక్కర్లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది.