తవ్వెడు తవుడుకు కొన్న పౌరుడు

ఆ ఉదయం రెబ్కా కొడుకు ఏసోబు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు పెంటయ్య వస్తాడు, ఒక్క ప్రశ్న అడుగుతాడు, కాఫీ తాగుతాడు, సంతకం పెడతాడు. దాంతో ఈ పర్చూరు లారీ డ్రైవరుకు భారతీయుడన్న ధ్రువపత్రం, దాని వెనక పాస్‌పోర్టు, దాని వెనక కువైట్‌లో ఉద్యోగం. శనివారంలోగా కాగితం అందకపోతే ఆ ఉద్యోగం ఇంకొకడిది.

పెంటయ్య వచ్చాడు. వాకిట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్మి, ఏసోబును చూపించి అడిగాడు. "ఇతను నీ కొడుకేనా?"

"కాదండి," అంది రెబ్కా.

ఏసోబు చేతిలో కాఫీ ఒలికింది. రెబ్కాకు ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోవాడైనా దక్కాలని, పాస్టరుగారి కంట పడకుండా, చావు కన్నుగప్పే పాత ఆచారం ప్రకారం పక్కింటి కరీమున్‌కు తవ్వెడు తవుడుకు పేరుకు అమ్మేసి, తనే పెంచుకుంది. అమ్మిన బిడ్డను పైవాళ్ళ ముందు నాదంటే చావు వింటుందని భయం. మీసాలు వచ్చినా వాడు ఆమెకు ‘కరీమున్ పిల్లాడే’.

‘తల్లి కాదు’ అని రాసుకుని పెంటయ్య పక్కింటికి నడిచాడు. అతని కాఫీ గ్లాసు పట్టుకుని రెబ్కా, ఆమె వెనక ఏసోబు వెళ్ళారు. కరీమున్ మాట తప్పే మనిషి కాదు. తవుడిచ్చి కొన్నానంది. ‘శిశు విక్రయం’ అని రాశాడు. నీది ఏ ఊరని అడిగితే కనిగిరి అంది.

"అంతకుముందు?"

"మా అమ్మ కడుపులో."

ఆ జవాబుకు ఫారంలో గడి లేదు. ‘కొన్నామె దేశం కూడా తేలలేదు’ అని రాశాడు. పేరులో కరీము ఉంటే చాలు, కొందరి కలానికి కనిగిరి కన్నా కరాచీ దగ్గర.

ఏసోబు పళ్ళు కొరుకుతూ ఆచారమంతా చెప్పాడు. ఆచారాలు ఆఫీసులో చెల్లవన్నాడు పెంటయ్య. "ఒకామె కన్నాననదు, ఒకామె కొన్నానంటుంది. ఏ దేశపు సరుకని రాయనయ్యా?"

రెబ్కాకు పౌరసత్వం సంగతి తెలియదు గాని పౌరుషం పుట్టెడు. "నా కొడుకేనయ్యా. నేనే కన్నా. వింటే విననీ ఆ చావును. రాసుకో."

"మాట మారిస్తే కుదరదమ్మా. కాగితం మీద పడిపోయింది."

కరీమున్ చేతిలో చేట దించింది. "సారూ, మీకు పెంటయ్య అని పేరెందుకు పెట్టారండీ?"

కలం ఆగింది. "నా ముందువాళ్ళు దక్కలేదు. నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చుకుందట మా అమ్మ."

"మావాడికి రేటన్నా ఉంది. మీరు ఊరికే దొరికారు. ఆ పెంట ఏ దేశానిదో మీకెవరు రాసిచ్చారు?"

పెంటయ్య రాసిందంతా చించాడు. ఎవరి మొహమూ చూడకుండా కొత్త ఫారం మీద ‘జన్మతః భారతీయుడు’ అని రాసి, సంతకం గీకి, చల్లారిన కాఫీ నిలబడే తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం రెబ్కా ఖాళీ తవ్వతో గోడ దగ్గరికి వచ్చింది. నా కొడుకేనని నోరు జారాను, వాణ్ణి మళ్ళీ కొనమంది.

కరీమున్ తవుడు నిండా కొలిచి పోసింది. "ఈసారి రసీదు రాయిద్దామే."