మాటలు రాని పిట్ట

పదకొండింటికి ఛానెల్ మనిషి వచ్చి పిట్ట సీరియల్ చూస్తుంది కాబట్టి తొమ్మిదికల్లా స్టూడియోకి వెళ్ళి ఒకసారి సరిచూసుకోవాలి. ఆ శుక్రవారం పొద్దున విద్యాసాగర్ అనుకున్నది ఇంతే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పిల్లల కార్టూన్లు తీసే చిన్న స్టూడియోలో అతడు సౌండ్ ఇంజనీరు. అడుగడుగునా కిందపడే ఒక దురదృష్టపు పిట్ట కథ ఆ సీరియల్. అందులో ఒక్క మాట ఉండదు. ఏ భాషలో మాట వినిపించినా ఛానెల్ కొనదు. కొనకపోతే స్టూడియో మూత, విద్యాసాగర్ వర్క్ వీసా గోవిందా!

ఉప్మా తింటూ భార్య నవీనకు ఫోన్లో ఒక ఎపిసోడ్ చూపించాడు. పిట్ట కొమ్మ మీంచి జారిపడింది. "అమ్మో! చచ్చాన్రా బాబూ!"

నవీనకు పొలమారింది. "ఏమండీ, మీ పిట్టది గుంటూరా?"

"అదేంటి?"

"శుభ్రంగా తెలుగు మాట్లాడుతుంటేనూ!"

విద్యాసాగర్ చేతిలో చెంచా ఆగిపోయింది. పిట్ట అరుపులన్నీ తన గొంతుతోనే రికార్డు చేశాడు. పడితే ఎవరైనా అలాగే అరుస్తారనుకున్నాడు మహానుభావుడు! ఆఫీసులో న్యూజిలాండ్ వాళ్ళకేమో అది ఉత్త కూతే.

"ఇప్పుడెలాగండీ?"

"బాతు అరుపులు పెట్టేస్తా. రెండు గంటల పని!"

బయట కారు అద్దం నిండా మంచు. తొందరలో కెటిల్‌లో మరిగిన నీళ్ళు పోశాడు. అద్దం ఫట్టుమని పగిలింది. నడిచే వెళ్దామని ఏటవాలు రోడ్డు దిగుతూ రెండుసార్లు జారిపడ్డాడు. ఏమని అరిచాడో చెప్పనక్కర్లేదు. కుంటుకుంటూ స్టూడియో చేరేసరికి పది. ఛానెల్ మనిషి గంట ముందే వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

"ఈవిడ విజయ, హామిల్టన్ నుంచి వచ్చారు" అని ఇంగ్లీషులో పరిచయం చేశాడు బాస్ ఇయాన్.

విజయ! తమిళావిడ కావచ్చు, కన్నడావిడ కావచ్చు. దేవుడా, తెలుగావిడ మాత్రం కాకూడదు! పిట్ట మొదటిసారి పడింది. విజయ పెదవి బిగించింది. రెండోసారికి భుజాలు కదిలాయి. మూడోసారికి ఫారంలో 'మాటలు ఉన్నాయి' అన్న గడి మీదికి కలం వెళ్ళింది.

ఎలాగైనా ఆపాలని విద్యాసాగర్ హెడ్‌ఫోన్ల వైరు పీకేశాడు. దాంతో శబ్దం స్పీకర్లలోకి మళ్ళింది. "అమ్మో! చచ్చాన్రా బాబూ!" అని పిట్ట ఆఫీసు దద్దరిల్లేలా అరిచింది. స్విచ్ కట్టేయబోతే వైరు కాలికి చుట్టుకుంది. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

"అమ్మో! చచ్చాన్రా బాబూ!"

అదే గొంతు, అదే అరుపు. అయిపోయింది, నా బతుకు అయిపోయింది అనుకుని విద్యాసాగర్ కళ్ళు మూసుకున్నాడు.

ఇయాన్ చప్పట్లు కొట్టాడు. "చూశారా! పడ్డప్పుడు ఈ మనిషి నోట వచ్చే చప్పుడే అది! మాటెలా అవుతుంది?"

విజయ ఫారం వంక చూసింది, నేల మీది మనిషి వంక చూసింది. "మాట కాదు లెండి, దెబ్బ" అంది ఇయాన్‌తో. 'లేవు' అన్న గడిలో టిక్కు పెట్టింది. తర్వాత వంగి, మెల్లగా తెలుగులో అడిగింది. "నడుం పట్టేసిందా అన్నయ్యా?"

అరుపు ఇంత సహజంగా రావాలంటే మిగతా యాభై ఎపిసోడ్లకూ అతడు నిజంగానే పడాలని ఇయాన్ అప్పటికప్పుడే తేల్చేశాడు. వీసా మూడేళ్ళకు పొడిగించారు. అందులో విద్యాసాగర్‌ను 'నిపుణుడు' అన్నారు, దేంట్లోనో రాయలేదు.