వాచీ కట్టుకున్న దయ్యం

మీ దగ్గర దాచేదేముంది, నేను దయ్యాలకి స్నానాలు చేయించి బతుకుతున్నాను.

కంగారుపడకండి! మా ఆఫీసులో దాన్ని ‘క్లీనప్’ అంటారు. పాతకాలం చవక హారర్ సినిమాలు, అట్టముక్కల రాకెట్ల సినిమాలు మా దగ్గరికొస్తాయి. వాటిలోని తప్పులన్నీ కంప్యూటర్లో తుడిచేసి, తళతళలాడించి పంపుతాం. ‘ఆ పాతవే బాగుండేవి’ అని నిట్టూర్చేవాళ్లకి ఒకటే చెబుతున్నాను: తప్పుల్లేని దయ్యమే మానవజాతికి దొరికిన వరం!

కాదంటారా? గ్రహాంతరవాసి వీపు మీద జిప్పేమిటండీ? ఎగిరే పళ్లెం గిన్నె మూతేనని తెలిసిపోతుంటే భూగోళం ఏం భయపడుతుంది?

ఒక సినిమాలో హీరో చంద్రుడి మీద మొదటి అడుగు వేస్తుంటే, వెనకాల ఓ పిల్లి తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. గాలే లేనిచోట దానికి ఆవలింతొకటి! ఫ్రేము ఫ్రేముకీ కూర్చుని తుడిచాను. ఇప్పుడు హీరో నటన స్పష్టంగా కనిపిస్తోంది. ఆ పిల్లి ఇన్నాళ్లూ ఎంత సాయం చేసిందో అప్పుడుగానీ తెలియలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. మొన్న మా బాబాయ్ దయ్యం వచ్చింది.

బాబాయ్ షూటింగుల్లో లైట్లు మోసేవాడు. ఓ రోజు దయ్యం వేషం వేసే ఆయనకి జ్వరమొస్తే, ఎత్తు సరిపోయిందని ఈయనకి ముసుగు తగిలించేశారు. జన్మకి అదొక్కటే వేషం. మొహం కనబడదు. హీరోయిన్ గొంతు పట్టుకున్నప్పుడు చేతికి వాచీ మాత్రం టైముతో సహా కనబడుతుంది!

ఇంటికెవరొచ్చినా క్యాసెట్ అక్కడ ఆపి, “ఇదిగో, ఇది నేను” అని ఆ వాచీ చూపించేవాడు. వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. తర్వాత క్యాసెట్‌కి బూజు పట్టింది. ఇక మా కొత్త ప్రింటే దిక్కు.

బాబాయ్ నవ్వులపాలైతే నేను ఊరుకుంటానా? ఎవరికీ ఇవ్వకుండా నేనే ఆ వాచీ తుడిచేశాను. మణికట్టు మీద రెండు పురుగుల్ని కూడా పాకించాను, బోనస్‌గా!

ఆదివారం అందరినీ కూర్చోబెట్టి సినిమా వేశాను. దయ్యం గొంతు పట్టుకుంది. హీరోయిన్ కెవ్వుమంది. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని టీవీ దగ్గరికి జరిగాడు.

“ఎవడే వీడు?”

“నువ్వే బాబాయ్!”

“నేనైతే నా వాచీ ఏదే?”

పిన్ని అందుకుంది. “అది మా నాన్న పెట్టిన వాచీ. స్నానానికే తీయని మనిషి దయ్యానికి తీస్తాడా? ఈయన కాదులే, ఎవడో పనిమంతుడు.”

బాబాయ్ నవ్వలేదు. చేతికున్న వాచీని ఓసారి తడుముకున్నాడు.

“బాగా చేశాడే కుర్రాడు. నాకే భయమేసింది” అన్నాడు, పరాయివాణ్ణి మెచ్చుకున్నట్టు.

నా అభిప్రాయం మారలేదు సుమండీ! తప్పుల్లేని దయ్యం గొప్పదే. కాకపోతే అది ఎవరి బాబాయో ఎవరికీ తెలీదు, అంతే.

ఇంతకీ మీ అటక మీద వాచీ కట్టుకున్న దయ్యం క్యాసెట్ ఏమైనా పడుందా? పోనీ, మీ ఇంట్లో ఏ రాక్షసుడి కాళ్లో, ఏ రాకెట్ తోకో అయినవాళ్లున్నారా? వాళ్ల కథ రాసి పంపండి.

ఒక్క తప్పు కూడా తుడవను. ఒట్టు!