ఎలుకల మందు డబ్బా

ఆ ఉదయం లైబ్రేరియన్ గారి పథకం చాలా చిన్నది. పెరట్లో మోకాలెత్తు చెక్క మడి నింపడం, అందులో భార్య దాచిన చిక్కుడు గింజలు నాటడం, ఆపైన కాళ్లు చాపుకుని పేపరు చదవడం. ఆవిడ పోయి ఏడాదైంది. ముప్పై ఏళ్లపాటు ఆ ఊదారంగు చిక్కుడు పెంచి, ఏటా విత్తనం దాచిన మనిషి. ఇక మిగిలింది ఆ చివరి గుప్పెడే. అవి మొలవకపోతే ఆవిడ చిక్కుడు ఇక లేనట్టే. ఆయన దిగులంతా అదే.

పెళ్లయ్యాక ఆయన వంటింటి అలమరా తెరవడం అదే మొదటిసారి; ఈ ఏడాదంతా హోటలు క్యారేజీతోనే గడిచింది. ప్రతి డబ్బా మీదా ఆవిడ గుండ్రటి చేతిరాతతో చీటీ. జీవితమంతా పుస్తకాలకి చీటీలు అంటించిన మనిషికి కళ్లు చెమర్చాయి. అంతలో ‘ఎలుకల మందు’ కంటపడింది. రెండు వారాల్లో కూతురు పసిపిల్లతో వస్తోందాయె! డబ్బాలోని కాగితం పొట్లాన్ని విప్పకుండానే, మొహం పక్కకి తిప్పుకుని, గోడవార పాతేశారు. జానెడు లోతు తవ్వుదామనుకున్నారు గానీ నడుము రెండంగుళాలకే మొరాయించింది.

మడి చేసిన పక్కింటి వడ్రంగి మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపాడు. తోటపని పుస్తకంలో గుప్పెడు సున్నం కలపమని ఉంది. ‘సున్నం’ డబ్బా తెచ్చి లైబ్రేరియన్ గారు రెండు గుప్పెళ్లు చల్లారు. జలుబు వల్ల ఆయనకి వాసన తెలియలేదు. నీళ్లు పోయగానే మడి నురగలు కక్కింది.

“సార్, ఇది సబ్బు పొడండీ!”

“చీటీ మీద సున్నమని ఉందయ్యా! మా ఆవిడ రాస్తే తప్పుండదు.”

“అయితే కడిగేద్దాం” అని వడ్రంగి గొట్టం పెట్టి కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్లు నిండి, మేకులూడి, పక్క చెక్క ఫెళ్లున ఊడింది. మట్టి, ఎరువు, నురగ, ఆయన ఎడమ చెప్పు అన్నీ కలిసి గోడ దాకా పారి, దాని పొడవునా పరుచుకున్నాయి.

“పోనీ, విత్తనాలు భద్రంగా ఉన్నాయి” అంటూ ‘చిక్కుడు విత్తనాలు’ డబ్బా తెరిచారు. నిండా బొత్తాలు! ఆయన చొక్కాల నుంచి ఊడినవన్నీ ఆవిడ ఏళ్ల తరబడి ఏరి దాచింది. పేపరు సంగతి మరిచిపోయి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటూ ఆయన పొద్దుపోయేదాకా మెట్టు మీదే కూర్చుండిపోయారు. ఇంత దాచిన మనిషి గింజలు ఎక్కడ దాచిందో మాత్రం తెలియలేదు.

రెండు వారాలకి కూతురు వచ్చి పెరట్లోకి తొంగిచూసింది. “నాన్నా, మడి ఖాళీగా పెట్టి చిక్కుడు గోడవార వేశావేంటి?”

“చిక్కుడేమిటే? అక్కడ ఎలుకల మందు పాతాను.”

గోడ పొడవునా పచ్చగా మొలకలు. కూతురు పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుంది. “చిన్నప్పుడు మేం బెల్లం దొంగిలిస్తున్నామని అమ్మ చీటీలన్నీ తారుమారు చేసింది. ఎవరూ తాకకూడనిదాని మీదే ఎలుకల మందని రాసేది. నీకు తెలీదా?”

“నాకెవరు చెప్పారు?”

“నువ్వు వంటింట్లోకి ఎప్పుడొచ్చావు గనక!”

ఆయన తడికళ్లతో ఆ మొలకల పక్కనే చతికిలబడ్డారు.

కాపు ముగిశాక కొత్త విత్తనాన్ని ఆ డబ్బాలోనే పోశారు. చీటీ వెలిసిపోయిందని కలం తెచ్చి, ‘ఎలుకల మందు’ అన్న అక్షరాలనే శ్రద్ధగా మళ్లీ దిద్దారు.