వెంకటేశం నిండు మీసం

బీరంగూడ కమాన్ దగ్గరి హరినాథ్ సెలూన్‌లో కొత్త బోర్డు వెలసింది: "చర్చ వేడెక్కి మధ్యలో లేచిపోయినవారి మిగతా మీసానికి యాజమాన్యం బాధ్యత వహించదు." ఈ బోర్డు అవసరం ఎలా వచ్చిందో ప్రజల తెలివిడి కోసం రాయడమైనది.

సెలూన్‌లో టీవీలు రెండు. తూర్పు గోడ మీద ఒక చానెల్, పడమటి గోడ మీద ఇంకో చానెల్. తూర్పు గోడ మీద రాష్ట్రం వెలిగిపోతున్న నిమిషంలోనే పడమటి గోడ మీద మునిగిపోతూ ఉంటుంది. వానొస్తే రెండు చానెళ్లలో రెండు వేరు వేరు వానలు కురుస్తాయి. గిరాకీలు తమ తమ గోడకు మెడ తిప్పి కూర్చునేవారు. హరినాథ్ దొరికిన చెంప గీసేవాడు. అంతా ప్రశాంతంగా ఉండేది.

ఒక ఆదివారం, ఫ్యాక్టరీలకు కాపలావాళ్లను పెట్టే కాంట్రాక్టర్ ప్రవీణ్‌కుమార్ మీసం తీయించుకుంటూ పడమటి టీవీలో ఏదో మాట విన్నాడు. కత్తిని పక్కకు నెట్టి లేచి బయటికి నడిచాడు. మీసం ఎడమ సగమే మిగిలింది. బయట తూర్పు చానెల్ విలేకరి ఉన్నాడు. సాయంత్రానికి "నమ్మకం కోసం సగం మీసం వదులుకున్న ధీరుడు" అని వార్త వచ్చింది. మరునాడు పదకొండు మంది వరసలో నిలబడి కుడి సగం తీయించుకున్నారు. దానికి జవాబుగా, పటాన్‌చెరు వాల్వుల ఫ్యాక్టరీ షిఫ్టు ఇన్‌చార్జి రామలింగేశ్వరరావు ఎడమ సగం తీయించుకుని పడమటి చానెల్‌కు దర్శనమిచ్చాడు. వారం తిరగకముందే ఊళ్లో నిండు మీసం కరువైంది.

దీనివల్ల జనానికి ఎంతో సౌకర్యం కలిగింది. ఎవరితో మాట్లాడాలో, ఎవరి మాట వినకుండానే కోపం తెచ్చుకోవాలో దూరం నుంచే తెలిసిపోయేది. "ఎడమ మీసం కుటుంబాలకే కిరాయికి" అని బోర్డులు కట్టారు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఒకే అద్దం వాడటం మానుకున్నారు. ఆడవాళ్ల అభిప్రాయం ఎవరూ అడగలేదు కనుక వారికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇబ్బందల్లా వెంకటేశంతోనే వచ్చింది. వాల్వుల ఫ్యాక్టరీ గేటు దగ్గర పద్నాలుగేళ్లుగా అతనే కాపలా. అతనిది నిండు మీసం. జీతం ఇచ్చేది ప్రవీణ్‌కుమార్, డ్యూటీ వేసేది రామలింగేశ్వరరావు. ఏ సగం తీసినా రెండో ఆయన కొలువు తీసేస్తాడు.

"వెంకటేశం, నువ్వు ఎటు?" అని అడిగాడు ప్రవీణ్‌కుమార్.

"గేటు కాడ్నే ఉన్న సార్."

"గది గాదు. ఓటు ఏసినవా?"

"ఏసిన సార్."

"ఎవరికి?"

"గాడ అట్ట అడ్డం పెట్టిందే ఎవ్వరు సూడొద్దని గద సార్. సర్కారోళ్లు పెట్టిన అడ్డం నేను తీస్తే తప్పు గాదా?"

"తెలివి జూపకు. సోమారం దాకా టైమిస్తున్న. మీసం ఏదో దిక్కు తేల్చుకొని రా. లేకుంటే డ్యూటీకి రాకు."

రామలింగేశ్వరరావు అంత కఠినంగా మాట్లాడలేదు. "మనిషన్నాక ఒక స్టాండ్ ఉండాలయ్యా. నీలాంటివాళ్ల వల్లే దేశం ఇలా అయిపోయింది. సోమవారం నీ మీసం నేనే స్వయంగా చూస్తాను" అని ఆప్యాయంగా భుజం తట్టాడు.

విషయం చానెళ్లకు చేరింది. తూర్పు చానెల్ "నిండు మీసం వెనుక ఎవరు?" అని గంట నడిపింది. పడమటి చానెల్ "ఎవరి కోసం ఈ నిండు మీసం?" అని గంటన్నర నడిపింది. ఎనిమిది మంది మేధావులు కూర్చున్నారు. వారిలో పెద్దాయన ఇలా సెలవిచ్చారు: "ప్రజాస్వామ్యంలో ప్రతి పౌరుడికీ సొంత అభిప్రాయం ఉండవచ్చు. ఉండి తీరాలి. అయితే అది ఉన్న రెండింటిలో ఒకటై ఉండాలి." రెండు చానెళ్లూ ఆ మాటను ఒకే రోజు, కోత లేకుండా చూపించాయి. అవి ఒక విషయం మీద ఏకమవడం అదే మొదటిసారి.

ఇంట్లో భార్య నర్సింహమ్మ పరేషాన్ అయింది. "మొత్తం గీకిపారేయ్, పీడ పోతది."

"గీకితే భయపడ్డడంటరు."

"మరి ఏం జేస్తవ్? కొలువు పోతే ఏం తింటం? సరే, నాకన్న జెప్పు. ఎవరికేసినవ్?"

"నువ్వెవరికేసినవ్?"

నర్సింహమ్మ అన్నం మాడుతోందని లేచి పోయింది. పొయ్యి మీద అన్నమేమీ లేదు.

సోమవారం వెంకటేశం మాస్క్ కట్టుకుని డ్యూటీకి వచ్చాడు. ఇద్దరు పెద్దలూ గేటు దగ్గరే ఉన్నారు.

"మాస్క్ తియ్. లోపల ఏముంది?" అన్నాడు ప్రవీణ్‌కుమార్.

"మూతి ఉంది సార్." వెంకటేశం సెల్యూట్ కొట్టి గేటు పక్కన తుప్పు పట్టిన రేకు చూపించాడు. దాని మీద ఇలా రాసి ఉంది: "మాస్క్ లేనిదే లోనికి ప్రవేశం లేదు." కింద రామలింగేశ్వరరావు సంతకం ఉంది. పద్నాలుగేళ్లలో దాన్ని చదివినవాడు అతనొక్కడే. "మీరు గూడ కట్టుకోవాలె సార్. లేకుంటే నా డ్యూటీ నేను చేస్తలేనట్టయితది."

ఇద్దరూ మాస్కులు కట్టుకుని లోపలికి వెళ్లారు. వారిని చూసి షిఫ్టు మొత్తం, షిఫ్టును చూసి ఊరంతా కట్టుకుంది. ఎందుకని అడిగితే గాలి వాసన అని చెప్పారు. ఈ వాసన ఏ చానెల్‌లోనూ రాలేదు కనుక అది ఉన్నట్టు అంతవరకు ఎవరికీ తెలియదు. ముసుగుల కింద మీసాలు చప్పుడు చేయకుండా నిండుగా పెరిగాయి. జనం టీ కొట్టు దగ్గర మళ్లీ కూరగాయల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. హరినాథ్‌కు గిరాకీ పడిపోయింది.

ఇలాంటి పరిస్థితి ఎక్కువ కాలం ఉండనివ్వరు. సుల్తాన్‌పూర్ వైపు ఎవరో సగం మీసం అచ్చు వేసిన మాస్కులు తయారుచేశారు. అవి వేడి జిలేబీల్లా అమ్ముడుపోయాయి. వెంకటేశం మాస్క్ చినిగి మందుల దుకాణానికి వెళ్తే, కౌంటర్‌లో ఉన్న సృజన అడిగింది: "ఏది గావాలె పెదనాన్నా, ఎడమదా, కుడిదా?"

"సాదాది లేదా బిడ్డా?"

"గవి ఎవ్వరు అడుగుతలేరు. బందయినయ్."

అతను చూడకుండా ఒకటి తీసుకుని, తిరగేసి కట్టుకుని గేటుకు పోయాడు. అచ్చు మీసం లోపలికి, తెల్ల బట్ట బయటికి. ప్రవీణ్‌కుమార్ రేకు మీది నియమం మూడుసార్లు చదివాడు. ఏ వైపు బయటికి ఉండాలో అందులో రాసి లేదు. కొలువు నిలిచింది.

ఇప్పుడు ఊళ్లో మిగతా అందరివీ లోపల నిండు మీసాలే, బయట సగం మీసాలే. వెంకటేశం ఓటు ఎవరికి వేశాడో చివరి వాక్యంలోనైనా చెబుతానని మీరు ఇంతదాకా ఆగారు. సృజన దుకాణం ఎనిమిదింటి వరకు తెరిచే ఉంటుంది. మీ సైజుది దొరుకుతుంది.